ఉప్పుగాలిలో పచ్చగోడ

బందరులో ఒక ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఏసీ చల్లదనం ముఖానికి తగులుతుంది. ఎదురుగా, బల్ల వెనక, నేల నుంచి పైకప్పు దాకా ఒకటే పచ్చదనం. ఫెర్నులు, మనీప్లాంటు, మధ్యమధ్య ఊదారంగు పూలు. వాటి మీద ఇత్తడి రంగు అక్షరాల్లో ఆఫీసు పేరు. పని మీద వచ్చినవాళ్లలో సగం మంది ముందు దాని దగ్గర నిలబడి ఫోటో దిగి, ఆ తర్వాతే కౌంటరు వైపు నడుస్తున్నారు. నేనూ దగ్గరికి వెళ్లి ఒక ఆకు పట్టుకున్నాను. ప్లాస్టిక్కు. పక్కనే అటెండరు స్టూలెక్కి, సంక్రాంతికి ఇంట్లో బూజు దులిపినట్టు, కుంచెతో ఆకుల మీద దుమ్ము దులుపుతున్నాడు.

బయటికి వచ్చి భవనం చుట్టూ తిరిగాను. వెనక గోడకి వరసగా ఏసీ మిషన్లు. వాటి గొట్టాల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఆ నీళ్లు పడే చోట, సిమెంటు చపటా పగుళ్లలో, ఎవరూ నాటని మొక్కలు మోకాలెత్తు పెరిగి నవనవలాడుతున్నాయి. ముందుగోడకి డబ్బు పెట్టి తగిలించిన ఆకులకి ప్రాణం లేదు. వెనకగోడ కింద పైసా ఖర్చు లేకుండా మొలిచినవాటిని రేపో మాపో పీకేస్తారు. గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ దాకా మూడు రోజులు తిరిగిన ఈ ప్రయాణంలో నా బుర్రలో తిరుగుతూ ఉన్నది ఆ రెండు గోడలే.

ప్లాస్టిక్ ఆకుల చాపలు ఇప్పుడు చదరపు అడుగుల లెక్కన అమ్ముతున్నారు. కల్యాణ మండపం స్టేజీ వెనక అవే, ఆసుపత్రి వెయిటింగు హాల్లో అవే, కొత్తగా తెరిచిన బిర్యానీ హోటల్లోనూ అవే. నకలు ఇంతగా చెల్లుబాటవుతోందంటే అసలుకి అంత మోజు ఉందన్నమాట. ఆ అసలు సంగతి కాస్త చెప్పుకోవాలి.

1938లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే స్టాన్లీ హార్ట్ వైట్, మొక్కల్ని మోసే నిలువు కట్టడానికి పేటెంటు తీసుకున్నాడు. అది ఆయన పెరటి నమూనాల దగ్గరే ఆగిపోయింది. దాన్ని మళ్లీ కొత్తగా కనిపెట్టినంత పని చేసినవాడు పాట్రిక్ బ్లాంక్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు. థాయిలాండ్, మలేషియా అడవుల్లో మట్టి అన్నది లేకుండా బండలకీ, చెట్ల మొదళ్లకీ అతుక్కుని బతికే మొక్కల్ని కుర్రతనంలోనే చూశాడాయన. మొక్కకి కావలసింది నీళ్లు, వెలుతురు, కాసిని ఖనిజాలు; మట్టి కేవలం ఆసరా అని తేల్చుకున్నాడు. లోహపు చట్రం, దానికి పీవీసీ పలక, పలక మీద ఫెల్టు గుడ్డ. గుడ్డకి కోతలు పెట్టి మొక్కల వేళ్లు లోపలికి దోపుతారు. పైన సన్నటి గొట్టం నుంచి ఎరువు కలిపిన నీళ్లు రోజుకి కొన్ని సార్లు జారుతుంటాయి. పారిస్‌లో కే బ్రాన్లీ మ్యూజియం గోడ మీద ఆయన పరిచిన తోట 800 చదరపు మీటర్లు; అందులో 15,000 మొక్కలు. సింగపూర్ చాంగీ విమానాశ్రయం మూడో టెర్మినల్ 2008లో తెరిచారు. ఉద్యోగాలకి వెళ్లిన మన పిల్లలు సామాన్ల కోసం నిలబడి ఫోటోలు పంపేది అక్కడి 300 మీటర్ల పొడవైన పచ్చగోడ ముందు నుంచే. మనకి దగ్గరలో అయితే బెంగళూరు రెండో టెర్మినల్. 2022 నవంబరులో ప్రారంభమైన ఆ భవనానికి ‘తోటలో టెర్మినల్’ అనే పేరు కూడా పెట్టుకున్నారు. పైకప్పు నుంచి మొక్కలు వేలాడుతుంటాయి, కప్పంతా వెదురు.

చూడ్డానికి బాగుంటుంది, కాదనను. చాంగీలో ఆ గోడ కింద నిలబడ్డప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. కానీ జిల్లాకేంద్రంలో ఒక కలెక్టరేటో, కార్పొరేషను ఆఫీసో, ఆసుపత్రో కట్టేటప్పుడు ఎవరో ఒకరు ఆ ఫోటో చూపించి ‘మనకీ ఇలాంటిది కావాలి’ అంటారు. అప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న మొక్కల గురించి కాదు. నీళ్లెక్కడివి?

కృష్ణా డెల్టాలో నీళ్ల కరువేమిటని బయటివాళ్లు నవ్వుతారు. ఇక్కడివాళ్లు నవ్వరు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసేముందు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. మళ్లీ కాలువ వదిలేదాకా అవే ఆధారం. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు వేస్తే పడేది ఉప్పునీరు. బందరు చుట్టూతా, కోడూరు, నాగాయలంక దిగువనా బోరు నీళ్లతో గిన్నె కడిగితే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. ఆ నీళ్లు ఫెల్టు గుడ్డలోకి వదిలితే నెల తిరక్కుండా ఆకుల అంచులు మాడతాయి, గొట్టాల చిల్లులు ఉప్పుతో పూడుకుపోతాయి. మనుషులు మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే మే నెలలో, ఆఫీసు గోడకి రోజుకి నాలుగుసార్లు మంచినీళ్లు పట్టడం ఎవరికి చెప్పుకోగలం?

రెండోది వెలుతురు. ఆఫీసు బల్ల మీద ఫైలు చదువుకోవడానికి 300 నుంచి 500 లక్సుల వెలుతురు సరిపోతుంది. గోడంతా ఒత్తుగా నాటిన మొక్కలకి అది చాలదు. అంచేత వాటికి విడిగా దీపాలు కావాలి. దీపాలు వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ఏసీ పెంచాలి. ఆకులు వదిలే తేమనీ ఆ ఏసీయే పిండాలి. చలిదేశాల్లో శీతాకాలం గదులు వేడి చేసుకుంటే లోపలి గాలి ఎండుగడ్డిలా అయిపోతుంది; పెదాలు పగులుతాయి, గొంతు ఆరుతుంది. అక్కడ పచ్చగోడ వదిలే తేమ వరం. బందరులో ఆరేసిన చొక్కా సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. ఇక్కడి గదికి తేమ దానం చేయడమంటే చెరువుకి చెంబుతో నీళ్లు పోయడమే. సింగపూర్ కూడా ఉక్కపోత దేశమే కదా అనొచ్చు. నిజమే. అక్కడ వానలకి లోటు లేదు, ఆ గోడని కనిపెట్టుకుని ఉండటమే పనిగా జీతం తీసుకునే మనుషులున్నారు. ఆ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక గాలి శుభ్రత. ‘గదిలో మొక్క పెడితే విషవాయువుల్ని పీల్చేస్తుంది, నాసావాళ్లే చెప్పారు’ అనే మాట వినని నర్సరీ లేదు. 1989లో నాసా కోసం వోల్వర్టన్ బృందం చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన మాట అది. ప్రయోగం నిజం. కాకపోతే అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వేరింగ్ ఆ పాత ప్రయోగాలన్నీ తిరగేసి లెక్క కట్టారు. మామూలు భవనంలో గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకి మొక్కలు సాటి రావాలంటే నేల మీద ప్రతి చదరపు మీటరుకీ పది నుంచి వెయ్యి మొక్కలు ఉండాలట. అంటే కిటికీ తెరిస్తే అయిపోయే పనికి అడవిని లోపలికి తెచ్చుకోవాలి. మొక్క మనసుకి హాయినిస్తుందంటారా, ఒప్పుకుంటాను. ఊపిరితిత్తుల పేరు చెప్పి బిల్లు పెట్టడం మాత్రం అన్యాయం.

ఈ నేల మనుషులకి గోడ మీది మొక్కంటే ఇంకో అర్థం కూడా ఉంది. బందరుకోట వైపు వెళ్లండి. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఒకరి తర్వాత ఒకరు కాపురం ఉండిపోయిన చోటు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లోనే బందరుకి వచ్చింది. 1759లో ఫోర్డ్ దొర ఫ్రెంచివాళ్ల నుంచి కోట లాక్కున్నాడు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. రేవు మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ మిగిలిన ఇటుక గోడల సందుల్లోంచి రావి మొలకలు చేతులు చాపుతున్నాయి. కాకి తిని వేసిన ఒక్క గింజ చాలు. వేరు సున్నం తింటూ లోపలికి దిగి, పాతికేళ్లలో గోడని రెండుగా చీలుస్తుంది. మన ఊళ్లలో గోడలో రావి మొలిచిందంటే ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరని గుర్తు. పంచాయతీ గుమాస్తా అయినా, గుడి పూజారి అయినా కంటబడగానే పీకించేస్తాడు. అలాంటి చోట గోడ నిండా మొక్కలు పెంచమంటే పాతకాలపు మేస్త్రీ అనుమానంగా చూడడంలో మూఢత్వం ఏమీ లేదు. ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పెక్కి పెచ్చులూడటం రోజూ చూసేవాడతను. దానికి తోడు లోపలి గోడకి చెమ్మ అంటగడతానంటే ఎందుకు ఒప్పుకుంటాడు?

అయితే, లోపలి గోడకి పచ్చదనం తొడగడం బందరుకి కొత్త విద్యా కాదు. పైగా ఒకప్పుడు లోకానికి ఆ సరుకు ఎగుమతి చేసింది ఈ ఊరే. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఈ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకం గుడ్డల్లో పెద్ద పెద్ద తెరలుండేవి. చిన్న గుట్ట, దాని మీద మెలికలు తిరిగిన చెట్టు, కొమ్మ కొమ్మకీ ఒక రకం పువ్వు, నడుమ పిట్టలు. గోల్కొండ సుల్తానుల డేరాల్లో, పర్షియా మహళ్లలో, యూరప్ ఇళ్ల పడకగదుల్లో అవి గోడలకి వేలాడాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ తీరపు తెరలు ఇప్పటికీ చూడవచ్చు. ఎర్ర రంగుకి మూలం చిరువేరు అనే చిన్న మొక్క వేరు. కృష్ణ ముఖద్వారం దగ్గర ఇసుక నేలల్లో పెరిగినదానికి ఎక్కువ గిరాకీ. ఈ గుడ్డల దెబ్బకి అక్కడి నేతగాళ్ల పొయ్యిలో పిల్లి లేవక, ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ ఆ తర్వాత కొద్ది ఏళ్లకి వీటి మీద నిషేధాలు పెట్టాయి. అంటే చలికి ఆకు రాలిపోయే దేశాల గదుల్లో మూడొందల ఏళ్ల కిందటే మన పచ్చగోడలు వెలిశాయి. నీళ్లు అక్కర్లేదు, దీపాలు అక్కర్లేదు, దుమ్ము పడితే ఉతుక్కోవచ్చు.

ఆ పని ఇప్పుడు బందరుకి పక్కనే ఉన్న పెడనలో నడుస్తోంది. గుడివాడ నుంచి బందరు వచ్చే ప్యాసింజరులో గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు దాటాక పెడన వస్తుంది. కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చులు టకటకా పడుతుంటే వినడం నాకొక సంగీతం. పటిక అద్దిన చోట ఎరుపు, బెల్లంలో ఇనుము నానబెట్టిన నీళ్లు తగిలిన చోట నలుపు. ఉడకేసిన తర్వాత పారే నీళ్లలో జాడించాలి. కాలువ నీళ్లు బాగుంటేనే రంగు తేలుతుంది. బందరులో కట్టే ప్రభుత్వ భవనం ముందుహాల్లో ప్లాస్టిక్ ఫెర్నుల బదులు పెడన తెర ఒకటి, పదిహేను అడుగులది, ఎందుకు వేలాడదో నాకు అర్థం కాదు. చదరపు అడుగుకి ఖర్చు కాస్త ఎక్కువే అవుతుంది. అయితేనేం?

ఇదంతా విని, ఈయన పచ్చదనానికే వ్యతిరేకిలా ఉన్నాడే అనుకునేరు. నా గొడవ పచ్చదనంతో కాదు, దాన్ని పెట్టే చోటుతో. మన పాత ఇళ్లు ఆ చోటు ఎప్పుడో కనిపెట్టాయి. మండువా లోగిలి తలుచుకోండి. నాలుగు వైపులా పెంకుల చూరు, నడుమ ఆకాశం, కింద తులసికోట. వాన నీళ్లు నాలుగు చూర్ల నుంచీ మండువాలోకి దుమికేవి. గాలి వీధిగుమ్మంలోంచి వచ్చి పెరటిగుమ్మంలోంచి పోయేది. ఇంటికి లోపలా అంటే లోపలే, బయటా అంటే బయటే. మొక్కకి కావలసిన ఎండా వానా అక్కడ ఉండేవి. మనిషికి కావలసిన నీడ దాని చుట్టూ ఉండేది. హైదరాబాద్‌లో 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ - సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం. అంత పేరు తెచ్చుకున్న దాని లోపల ఏముందీ అంటే, నడుమ ఆకాశం కనిపించే ఆవరణ, దాని చుట్టూ గదులు, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి దించే బురుజులు, కప్పు మీద తోట. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ గీసిన ఆ బొమ్మ చూస్తే గుడివాడ పెద్దాయనెవరైనా ‘ఇది మా తాతగారి మండువాయే’ అనేస్తాడు. రేటింగు ఉంది గనక మనకి కొత్తగా కనిపించింది.

గుడివాడ శివారున మల్లాయపాలెంలో 2023 జూన్‌లో ప్రారంభమైన టిడ్కో ఇళ్ల సముదాయం ఒక చిన్న పట్నమే. 8,912 ఇళ్లు. మూడొందల చదరపు అడుగుల నుంచి 430 దాకా. ఇటుక లేదు, అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలు. పని త్వరగా అయింది, గోడ నిటారుగా వచ్చింది. కానీ కాంక్రీటు పగలంతా ఎండని మింగి రాత్రి గదిలోకి కక్కుతుంది. నేను వెళ్లినరోజు మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి తీసేశాను. అయితే ఆ వరసల్లోనే కొన్ని ఇళ్లవాళ్లు పని మొదలుపెట్టేశారు. పగిలిన బకెట్లో బచ్చలి తీగ, రంగు డబ్బాలో దొండపాదు, కిటికీ ఊచలకి పురికొస కట్టి పైకి పాకించారు. బచ్చలాకు ఎండని తన మీద వేసుకుంటుంది. తాగిన నీళ్లు ఆవిరిగా వదులుతూ పక్కనున్న గాలినీ చల్లబరుస్తుంది. సాయంత్రానికి పప్పులోకి కట్ట ఆకు. పాట్రిక్ బ్లాంక్ ఫెల్టు గుడ్డకి ఇదేమీ తీసిపోదు. పైగా ఇది గోడకి బయట ఉంది, పడమట ఉంది, ఎండ తగిలే చోట ఉంది. ప్రభుత్వ ఇంజనీరు ఒక్క పని చేసి ఉంటే బాగుండేది: గోడకి అడుగు దూరంలో తుప్పు పట్టని తీగల వల ఒకటి బిగించి ఇవ్వడం. మిగతాది అత్తాకోడళ్లు చూసుకునేవారు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఊరూరా కొత్త ప్రభుత్వ భవనాలు లేచాయి. చాలావరకు ఒకే మూస. అనంతపురం ఎండకీ, నాగాయలంక ఉక్కకీ ఒకే బొమ్మ. వాటికి వసారా అంటే మూడడుగుల పోర్టికో. పెన్షను కోసం వచ్చిన ముసలమ్మ ఎక్కడ కూర్చోవాలి? ముందు రెండు స్తంభాలు నాటి, జీఐ వైర్లు లాగి, సన్నజాజో రాధామనోహరమో పాకించి, కింద ఒక అరుగు కడితే అదే ఆ ఊరి గ్రీన్ వాల్, అదే వెయిటింగు హాలు. కృష్ణకి ఆవల గుంటూరు వైపు తమలపాకు తోటలోకి ఎండలో నడిచి వెళ్లినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. అవిశ చెట్లకి తీగలు పాకించిన ఆ వరసల మధ్య మే నెలలోనూ చెమట ఆరుతుంది.

నీళ్లు? ఆ ఆఫీసు వెనకగోడ గుర్తుందిగా. మంచునీళ్ల గ్లాసుకి బయట పట్టే చెమటే ఏసీ గొట్టంలోంచి కారేదీను. గాలిలో తేమ ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ కారుతుంది, అంచేత బందరు ఏసీ అనంతపురం ఏసీ కన్నా ఎక్కువ నీళ్లిస్తుంది. పగలంతా తిరిగే మిషను కింద బకెట్టు పెడితే సాయంత్రానికి నిండుతుంది. తాగడానికి పనికిరాదు గానీ, ఆవిరి నుంచి దిగింది గనక అందులో ఉప్పుండదు. బోరు నీళ్లు ఉప్పనైన ఊళ్లో, కాలువ కట్టేసిన నెలల్లో, పైసా ఖర్చు లేకుండా దొరికే ఉప్పులేని నీరు అది. సరిగ్గా మొక్కకి దాహం ఎక్కువైన వేసవిలోనే అది కూడా ఎక్కువ వస్తుంది. పాతిక ఏసీలున్న ఆఫీసులో గొట్టాలన్నీ ఒక డ్రమ్ములో కలిపితే ముందు పందిరంతా తడుస్తుంది. ఇప్పుడా నీళ్లు పునాది పక్కన ఇంకి గోడకి చెమ్మ పట్టిస్తున్నాయి.

తోటమాలి సంగతి మిగిలింది. మన టెండర్లలో మొక్క నాటడానికి డబ్బుంటుంది, ఫోటోకి డబ్బుంటుంది, మూడో ఏడు నీళ్లు పోసేవాడికి ఉండదు. పెద్ద నగరాల్లో ఫ్లైఓవరు స్తంభాలకి తగిలించిన నిలువు తోటలు చాలాచోట్ల ఎండుటాకుల గళ్లై మిగలడానికి కారణం అదే. ఈ లెక్క తెలిసిన ఊరు దివిసీమ దారిలోనే ఉంది. బందరు నుంచి అవనిగడ్డ బస్సెక్కితే చల్లపల్లి దగ్గరపడుతుండగా రోడ్డు రంగు మారుతుంది. రెండు పక్కలా పూలమొక్కలు, పాదులు తీసిన చెట్లు, గీత గీసినట్టు అంచులు. ఇద్దరు డాక్టర్ల చొరవతో 2014 నవంబరు 12న మొదలైన స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు రోజూ తెల్లవారుజామున, జనం లేవకముందే, చీపుళ్లూ గునపాలూ పట్టుకుని రోడ్డెక్కుతారు. బస్టాండు, కాలువ గట్లు, ఆఖరికి శ్మశానం కూడా వాళ్ల చేతుల మీదుగా తోటలైనవే. పదేళ్లు దాటినా ఆగలేదు. అక్కడ నాకు నచ్చింది పూలు కాదు, మొక్క చచ్చిన చోట మళ్లీ నాటిన గుర్తులు. తవ్విన మట్టి ఇంకా తడిగా ఉంది.

పులిగడ్డ దాటితే దివిసీమ. ఇక్కడ భవనం అంటే మొదట ఎవరికైనా గుర్తొచ్చేది ఎత్తు. 1977 నవంబరు 19, శనివారం. తాటిచెట్టంత అల అని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొలతల ప్రకారం దాదాపు 5 మీటర్లు. అధికారుల లెక్కల్లోనే మృతులు పదివేలకి అటూఇటూ. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లలో తాటిచెట్లనీ తుమ్మచెట్లనీ కరుచుకుని ఉన్నవాళ్లు, డాబా ఎక్కినవాళ్లు, గుడి గోపురం పట్టుకున్నవాళ్లు. తీరంలో ఏ ఊళ్లో ఎన్ని గట్టి కప్పులున్నాయో ఆ రాత్రి లెక్క తేలింది. తర్వాతే తుఫాను షెల్టర్లు వచ్చాయి. స్తంభాల మీద నిలబెట్టిన గది, కింద ఖాళీ, నీరు వస్తే ఆ ఖాళీలోంచి పోవాలి. పైకి వెడల్పాటి మెట్లు. మామూలు రోజుల్లో బడి, పెళ్లిభోజనాలు, ధాన్యం బస్తాలు. 1990 మే 9న మళ్లీ అంతటి తుఫాను ఈ తీరానికే వచ్చినప్పుడు జనాన్ని ముందుగా కదిలించారు. రాష్ట్రం మొత్తం మీద చావులు వెయ్యి లోపే. ప్రపంచబ్యాంకు సాయంతో 2011లో మొదలైన పథకం కింద కొత్తతరం షెల్టర్లూ లేచాయి. డెల్టాలో ఆధునిక ప్రజాభవనం ఏదీ అని ఎవరైనా అడిగితే నేను చూపించేది అద్దాల ఆఫీసుని కాదు, ఈ కాళ్ల మేడల్ని. తడిని లోపలికి పిలవడం కాదు, తడి కింది నుంచి దారి చేసుకుని పోయేలా కట్టినవి.

వీటికీ సముద్రానికీ నడుమ ఇంకొకటి ఉంది. కృష్ణ అభయారణ్యం, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. మడ, తిల్ల, ఉప్పుపొన్న, వాటి వేళ్ల మధ్య చేపలు పట్టుకునే బావురుపిల్లి. ఒడిశాలో 1999 నాటి మహా తుఫానులో కేంద్రపాడ జిల్లా ఊళ్లని సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి, ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుంటే చావులు అంత తగ్గాయని 2009లో చూపించారు. నరికేసిన చోట మళ్లీ పెంచడానికి ఇక్కడ అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లూ వాడిన పద్ధతి చిన్నది, తెలివైనది. చౌడుదేరి ఎండిన నేలలో చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వుతారు. పోటు వచ్చినప్పుడు ఏటి నీరు వాటిలోకి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది. రోజుకి రెండుసార్లు తడి. పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. ఉప్పునీళ్లతోనే బతికే పచ్చదనం ఈ సీమకి దొరికింది ఇదొక్కటే.

చివరి రోజు మధ్యాహ్నం నాగాయలంక దిగువన ఒక ఊళ్లో షెల్టరు మెట్ల మీద కూర్చున్నాను. కింద స్తంభాల మధ్య నీడలో వలలు అల్లుతున్నారు. ఎవరో మెట్ల పక్క రెయిలింగుకి బీరపాదు పాకించారు. కాయలు రెండు అప్పటికే ముదిరి వేలాడుతున్నాయి. తుఫాను మెట్లకి ఏ అడ్డూ ఉండకూడదన్నది రూలు. తనిఖీకి ఎవరైనా వస్తే ఈ పాదు ఉండదు. వల అల్లుతున్న ఆవిడకి ఆ సంగతి తెలుసు. నవంబరు వచ్చేసరికి కాపు అయిపోతుంది, అప్పుడు తనే పీకేస్తుందట. నాలుగు దాటింది. బీరపూలు ఒక్కొక్కటే పసుప్పచ్చగా విచ్చుకోవడం మొదలుపెట్టాయి.